ఆక్సీమీటరు చూడలేని విషం

కార్చిచ్చు పొగలోంచి బయటపడ్డ మనిషిని ఆసుపత్రికి తెచ్చారనుకుందాం. తల పగిలిపోతోందంటాడు. కడుపులో తిప్పుతోంది, కాళ్లు తేలిపోతున్నాయి. నర్సు అతని వేలికి ఆక్సీమీటరు తగిలిస్తుంది. 98 చూపిస్తుంది. కరోనా కాలంలో ఆ చిన్న పరికరం మన ఇళ్లలోకీ వచ్చి చేరింది. అంకె 94 కిందికి దిగితే కంగారుపడాలని, పైన ఉంటే ఫరవాలేదని అందరికీ వంటబట్టింది. ఈ మనిషి విషయంలో మాత్రం ఆ 98 పచ్చి అబద్ధం కావచ్చు. అతని రక్తంలో మూడోవంతు హీమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయడం మానేసినా ఆ పరికరం ఇంచుమించు అదే అంకె చూపిస్తుంది.

పరికరం పాడైపోయి కాదు, దాని పద్ధతే అంత. 1970లలో జపాన్ ఇంజనీరు తకువో అవొయాగి పట్టుకున్న కిటుకు ఇది. వేలిలోంచి రెండు రకాల కాంతిని పంపుతారు. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు. రెండోది 940 నానోమీటర్ల దగ్గర, కంటికి కనబడని పరారుణం. ఆక్సిజన్ ఎక్కిన హీమోగ్లోబిన్ ఎరుపు కాంతిని పెద్దగా పీల్చుకోదు, ఆక్సిజన్ లేనిది బాగా పీల్చుకుంటుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఈ తేడాను కొలిస్తే శాతం తేలుతుంది. రెండు కాంతులతో రెండు రకాల హీమోగ్లోబిన్‌ను వేరు చేయవచ్చు. మరి మూడో రకం వచ్చి పడితే? కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ 660 దగ్గర అచ్చం ఆక్సిజన్ ఎక్కినదానిలాగే నడుచుకుంటుంది. ఆక్సీమీటరు దాన్ని కూడా ఆక్సిజన్ ఖాతాలో జమ వేసేస్తుంది.

పోనీ, ధమని రక్తం తీసి ఏబీజీ పరీక్ష చేస్తే? అందులోనూ మోసపోయే వీలుంది. రక్తద్రవంలో కరిగిన ఆక్సిజన్ ఒత్తిడి ఊపిరితిత్తుల పనితనం మీద ఆధారపడుతుంది. ఊపిరితిత్తులు బాగున్నంతకాలం ఆ అంకె మామూలుగానే వస్తుంది. కొన్ని యంత్రాలు హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ ఎంత ఎక్కిందో చెప్పే సంతృప్త శాతాన్ని కొలవవు, ఆ ఒత్తిడి నుంచి లెక్కగట్టి చెబుతాయి. అసలు నిజం చెప్పేది కో-ఆక్సీమీటరు. అది అనేక తరంగదైర్ఘ్యాలు వాడి, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ ఎంతో విడిగా చెబుతుంది. ఆ పరీక్షను ప్రత్యేకంగా రాయాలి. రాయాలంటే డాక్టరుకు అనుమానం రావాలి. అనుమానం రావాలంటే రోగి ఎక్కడినుంచి వచ్చాడో తెలియాలి. ఈ విషానికి చేసే వైద్యంలో కష్టమంతా ఈ మూడు మెట్ల దగ్గరే ఉంది. మందు మాత్రం అతి మామూలుది, ప్రతి ఆసుపత్రిలోనూ ఉండేది: ఆక్సిజన్.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పొగలో కళ్లు మండించేవి, దగ్గు తెప్పించేవి వేరే పదార్థాలు. ఇది గొంతును కూడా గరగరలాడించదు. ఇలాంటి వాయువు మన ఒంట్లోనే కొద్దికొద్దిగా తయారవుతుందంటే ఆశ్చర్యం కలుగుతుంది. పాత హీమోగ్లోబిన్ విచ్ఛిన్నమయ్యేటప్పుడు ఇది పుడుతుంది. అందుకే పొగ తాగని ఆరోగ్యవంతుడి రక్తంలోనూ ఒక శాతం లోపు కార్బాక్సీహీమోగ్లోబిన్, అంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్, ఉంటుంది. అలాంటివారిలో మూడు, నాలుగు శాతం దాటితే బయటి నుంచి వచ్చిందని అర్థం. సిగరెట్లు బాగా కాల్చేవాళ్లలో పది శాతం దాకా ఉండవచ్చు.

హీమోగ్లోబిన్ అణువులో ఆక్సిజన్‌కు నాలుగు స్థానాలున్నాయి. వాటిని ఆర్టీసీ బస్సులో నాలుగు సీట్లు అనుకోండి. ఆక్సిజన్ ఊపిరితిత్తుల దగ్గర ఎక్కి, కండరాల దగ్గర, మెదడు దగ్గర దిగిపోయే ప్రయాణికుడు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కి కర్చీఫ్ వేసి కూర్చుంటే ఓ పట్టాన లేవదు. హీమోగ్లోబిన్ మీద దాని పట్టు ఆక్సిజన్ పట్టుకన్నా 200 నుంచి 250 రెట్లు ఎక్కువ. నష్టం అంతటితో ఆగదు. అది ఒక సీటులో కూర్చున్నాక మిగతా సీట్లలోని ఆక్సిజన్ కూడా దిగాల్సిన స్టాపులో దిగదు. అందువల్ల రక్తహీనతతో సగం హీమోగ్లోబిన్ పోయిన మనిషి నడిచి ఆసుపత్రికి రాగలడు. సగం హీమోగ్లోబిన్‌ను కార్బన్ మోనాక్సైడ్ పట్టిన మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. ఇది చాలదన్నట్టు గుండె కండరంలోని మయోగ్లోబిన్‌నూ, కణాల లోపల ఆక్సిజన్‌ను వాడుకునే ఎంజైమునూ కూడా ఈ వాయువు పట్టుకుంటుంది.

ఇది రక్తానికే అతుక్కుంటుందని 1857లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ చెప్పాడు. సీటు కోసం ఆక్సిజన్‌తో దీని పోటీకి లెక్క కట్టినవాడు బ్రిటన్‌కు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్. బొగ్గుగనుల పేలుళ్లలో చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమందిని చంపింది పేలుడు కాదు, తర్వాత మిగిలిన వాయువు అని 1896 నివేదికలో తేల్చాడు. అంతకుముందు ఏడాది ఆ వాయువును తానే పీల్చి, తన రక్తాన్ని తానే పరీక్షించుకుంటూ, కాళ్లు నిలవనంత వరకూ వెళ్లి ఆగాడు. ఈ వాయువును ముందుగా పసిగట్టడానికి గనుల్లోకి కెనరీ పిట్టల్ని తీసుకెళ్లమన్న సలహా ఆయనదే. బ్రిటన్ గనుల్లో ఆ పిట్టలకు 1986 దాకా కొలువు ఉంది. ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ మనకు ఇంకా దగ్గరివాడు. భారత పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు. తండ్రి ప్రయోగాలకు చిన్నప్పుడు తోడుగా గనుల్లోకి దిగిన కుర్రవాడే ఆయన.

తండ్రి హాల్డేన్ లెక్క చాలా సులువు. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. కార్బన్ మోనాక్సైడ్ పట్టు దానికి 210 రెట్లు అనుకుంటే, గాలిలో 0.1 శాతం, అంటే పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు ఉంటే చాలు. చివరికి రెండూ హీమోగ్లోబిన్‌ను చెరిసగం పంచుకుంటాయి. ఆ స్థితికి చేరడానికి గంటలు పడుతుంది. మంటల నుంచి పరుగెత్తుతూ రొప్పేవాడికి అంత సమయం పట్టదు. ఇదే లెక్కను తిరగేస్తే వైద్యం వస్తుంది. పీల్చే గాలిలో ఆక్సిజన్‌ను 21 నుంచి 100 శాతానికి పెంచితే పోటీ తారుమారవుతుంది. కార్బన్ మోనాక్సైడ్ సీటు వదిలి ఊపిరితో బయటికి పోతుంది.

ఇప్పుడు అడవి దగ్గరికి వద్దాం. ఎండిన ఆకు భగ్గున మండితే ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మంట లేకుండా నిప్పు రాజుకుంటూ ఉండే మొద్దులు, వేళ్లు, కుళ్లిన దుంగల నుంచి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వస్తుంది. కిలో అడవి కలప కాలితే ఈ వాయువు వంద గ్రాములకు అటూ ఇటూగా పుడుతుంది. ఇండొనేషియాలో లాగా పీట్ నేలలు తగలబడితే ఇంచుమించు రెట్టింపు. కాబట్టి ఎత్తైన మంట కనబడినప్పటికన్నా, మంట అణిగి బూడిద కింద నిప్పు మిగిలినప్పుడు, ఆ నిప్పును ఆర్పుతూ గంటల తరబడి అక్కడే వంగి పనిచేసేవాళ్లకు ఈ విషం ఎక్కువ ఎక్కుతుంది. ఇళ్లలో మంటలు ఆర్పే సిబ్బంది వీపున గాలి సిలిండరు మోస్తారు. అడవి మంటలు ఆర్పేవాళ్లు పగలంతా కొండలెక్కాలి కాబట్టి అది మోయలేరు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ తడిదైనా పొడిదైనా ఒకటే. ఎన్95 మాస్కు రేణువుల్ని ఆపుతుంది, ఈ వాయువును ఆపదు. ఇంట్లో పెట్టుకునే ఎయిర్ ప్యూరిఫయరూ అంతే.

2018 నవంబర్ 8న కాలిఫోర్నియా ఉత్తర భాగంలో ప్యారడైజ్ అనే కొండ ఊరు తగలబడింది. 85 మంది చనిపోయారు, 18,000కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఊరు దాటే రోడ్లు కొన్నే. వాటిమీద కార్లు బారులు తీరి నిలిచిపోతే మంటలు రెండు వైపులా కమ్ముకున్నాయి. ఊళ్లోని ఆసుపత్రినే ఖాళీ చేయించాల్సి వచ్చింది. దారి మూసుకుపోయి కొందరు వెనక్కి వచ్చి ఆసుపత్రి హెలిప్యాడ్ దగ్గర తలదాచుకుంటే సిబ్బంది అక్కడే వైద్యం చేశారు. అదే మంట పొగ రెండు వందల కిలోమీటర్లకు పైగా దక్షిణానికి వెళ్లి, మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉండే ఫ్రీమాంట్, శాన్ హోజే ప్రాంతాన్ని దాదాపు రెండు వారాలు కప్పేసింది. బడులు మూశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కేబుల్ కార్లు ఆపేశారు.

ఈ రెండు చోట్లా ఉన్న పొగ ఒకటే, ప్రమాదం ఒకటి కాదు. కార్లో చిక్కుకున్న ప్యారడైజ్ మనిషికి కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం కావచ్చు. ఫ్రీమాంట్ చేరేలోగా ఆ వాయువు గాలిలో కలిసి పలచబడిపోతుంది. అది గాలిలో వారాల తరబడి బతికే ఉంటుంది. ఎంతగా అంటే ఉపగ్రహాలు కార్చిచ్చు పొగ ఏ ఖండానికి పోతోందో దీని జాడ పట్టే చెబుతాయి. కానీ హీమోగ్లోబిన్‌ను ఆక్రమించే మోతాదులో ఉండదు. దూరంగా ఉన్నవాళ్లను బాధించేది పీఎం 2.5 అనే సన్నని ధూళి. ఆస్తమా ఉన్నవాళ్లకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు అదే శత్రువు. దానికి ఎన్95, ప్యూరిఫయర్ రెండూ పనికొస్తాయి. ‘ఇండియాకి ఫోన్ చేసి విషవాయువు అంటున్నారు మా అబ్బాయి వాళ్లు’ అని హడలిపోయే అమ్మానాన్నలు ఈ తేడా తెలుసుకుంటే కొంత నిద్రపడుతుంది.

దూరంగా ఉన్న ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ రాదని కూడా అనుకోకూడదు. అయితే అది అడవి నుంచి రాదు, పెరట్లోంచి వస్తుంది. మంటల భయంతో కరెంటు తీసేస్తారు. జనం జనరేటర్లు పెడతారు. పొగకు భయపడి కిటికీలన్నీ బిగిస్తారు, జనరేటరును గరాజులో నడుపుతారు. జనరేటరును ఇంటికి ఆరు మీటర్లయినా దూరంగా, ఆరుబయటే పెట్టమని అమెరికా ఆరోగ్యశాఖ చెప్పేది ఇందుకే. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని తెల్లారేసరికి శవాలైన కుటుంబాల వార్తలు మనకు ప్రతి చలికాలంలో వస్తూనే ఉంటాయి. రెండిటా విషం ఒకటే.

ఇక వైద్యం. మొదట మనిషిని పొగలోంచి బయటికి తేవాలి, తెచ్చేవాడు తాను పడిపోకుండా. నడిపించకూడదు, పడుకోబెట్టాలి. కదిలినకొద్దీ ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. మజ్జిగ, బెల్లం, నిమ్మరసం ఏవీ హీమోగ్లోబిన్ దాకా పోవు. సంచి ఉన్న నాన్-రీబ్రీదర్ మాస్కును ముఖానికి బిగుతుగా పెట్టి, నిమిషానికి 10 నుంచి 15 లీటర్ల ఆక్సిజన్ ఇవ్వాలి. ముక్కులో పెట్టే సన్నని గొట్టం దీనికి చాలదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆక్సీమీటరు 98 అంటోందని ఆక్సిజన్ ఆపకూడదు. రక్త పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకూడదు కూడా. అనుమానం వచ్చిన క్షణమే మొదలుపెట్టాలి.

ఆక్సిజన్ ఏం సాధిస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. ఒకడి రక్తంలో 40 శాతం కార్బాక్సీహీమోగ్లోబిన్ ఉంది. మామూలు గాలిలో అది సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. అంటే 20కి రావడానికి ఐదు గంటలు, 10కి రావడానికి పది గంటలు. మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే సగానికి దిగడానికి సగటున 75 నిమిషాలు. రెండున్నర గంటల్లో 10కి, నాలుగు గంటల లోపే 5కి దిగిపోతుంది. మామూలుగా లక్షణాలు పోయి, అంకె 5 కిందికి వచ్చేదాకా ఆక్సిజన్ ఇస్తారు. ఇదే లెక్క ఇంకో చిక్కు తెస్తుంది. మంటల దగ్గర అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టి రెండు గంటలు ప్రయాణం చేయించి తెస్తే, ఆసుపత్రిలో తీసిన రక్తంలో అంకె చిన్నగా కనబడుతుంది. మెదడుకు, గుండెకు జరగాల్సిన నష్టం అప్పటికే జరిగి ఉండవచ్చు. తెలివైన డాక్టరు అంకెను ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పడు. పొగలో ఎంతసేపు ఉన్నాడు, స్పృహ తప్పాడా, బయటపడి ఎంతసేపయింది అని అడుగుతాడు.

‘చెర్రీపండు రంగు చర్మం’ అనే లక్షణం పాఠ్యపుస్తకాల్లో వస్తూ ఉంటుంది. అది ఎక్కువగా శవాల్లో కనబడేది. బతికున్న రోగిలో దానికోసం ఎదురుచూస్తే ఆలస్యమే. కాలిఫోర్నియాలో ఈ తలనొప్పి, వాంతులను ఫ్లూ అనుకుంటారు. మన దగ్గర వేసవిలో ఎండదెబ్బ అనుకునే ప్రమాదం ఉంది.

ప్యారడైజ్ లాంటి చోట కాలింది అడవి ఒక్కటే కాదు, సోఫాల ఫోమూ, తివాచీలూ, ప్లాస్టిక్కూ కాలాయి. వాటినుంచి హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. అందువల్ల కాలుతున్న ఇంట్లోంచో కార్లోంచో బయటపడి, రక్తపోటు పడిపోయి, రక్తంలో లాక్టేట్ బాగా పెరిగిన రోగిలో ఈ రెండో విషాన్ని కూడా అనుమానిస్తారు. దానికి విరుగుడు హైడ్రాక్సోకోబాలమిన్. పెద్దవాళ్లకు 5 గ్రాములు నరంలోకి ఎక్కిస్తారు. అది సయనైడ్‌ను పట్టుకుని సయనోకోబాలమిన్‌గా, అంటే మనం మాత్రల్లో మింగే బి12 విటమిన్‌గా మారి మూత్రంలో పోతుంది. ప్రాణాంతకమైన విషం విటమిన్ అయి బయటికి పోవడం రసాయనశాస్త్రంలో నాకెంతో నచ్చిన ముగింపు. కాకపోతే ఆ మందు రోగిని ఎర్రగా మార్చేసి కో-ఆక్సీమీటరు లెక్కలనూ చెడగొడుతుంది, కాబట్టి రక్తం ముందే తీసి పెట్టుకోవాలి. సయనైడ్‌కు పాత విరుగుడైన నైట్రైట్‌ను మాత్రం పొగ రోగికి ఇవ్వడానికి జంకుతారు. అది హీమోగ్లోబిన్‌లో మరికొంత భాగాన్ని పనికిరాకుండా చేస్తుంది. ఉన్నదే తక్కువ, అదీ పోతుంది.

హాల్డేన్ 1895లోనే ఇంకో ప్రయోగం చేశాడు. రెండు వాతావరణాల ఒత్తిడి గల ఆక్సిజన్‌లో ఒక ఎలుకను ఉంచి, దాని హీమోగ్లోబిన్‌ను కార్బన్ మోనాక్సైడ్‌తో నింపేశాడు. ఎలుక బతికింది. రక్తద్రవంలో కరిగిన ఆక్సిజనే దానికి సరిపోయింది. 1960లో గ్లాస్గో డాక్టర్లు ఈ పద్ధతిని మనుషుల మీద వాడారు. ఒత్తిడి గదిలో మూడు వాతావరణాల దగ్గర ఆక్సిజన్ ఇస్తే 75 నిమిషాల పని 20, 25 నిమిషాల్లో అయిపోతుంది. ఇది మందుగా ఎంత గొప్పది అన్న విషయంలో మాత్రం డాక్టర్లు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. 1999లో మెల్‌బోర్న్ అధ్యయనం లాభమేమీ లేదంది. 2002లో సాల్ట్‌లేక్ సిటీ నుంచి 152 మంది రోగులతో వచ్చిన అధ్యయనంలో ఆరు వారాల తర్వాత జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతిన్నవాళ్లు మామూలు ఆక్సిజన్ పొందినవాళ్లలో 46 శాతం, ఒత్తిడి గదిలో ఉన్నవాళ్లలో 25 శాతం. స్పృహ తప్పినవాళ్లకు, గుండె దెబ్బతిన్నవాళ్లకు, గర్భిణులకు దాన్ని ఆలోచిస్తారు. నా మటుకు నాకు, కార్చిచ్చు వేళ ఈ వాదన రెండో వరుసలోది. రోడ్లు మూసి ఉంటాయి, ఒత్తిడి గదులు దూరంగా ఉంటాయి, వాటిలో చాలావాటిని పుండ్ల వైద్యానికే వాడతారు. దాని కోసం వెతుకుతూ చేతిలో ఉన్న మాస్కు పెట్టడం ఆలస్యం చేస్తే నష్టపోయేది రోగే.

గుండెజబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదగీత ఇంకా కింద ఉంటుంది. రక్తంలో ఈ వాయువు రెండు శాతానికి పెరిగినా వ్యాయామం చేసేటప్పుడు ఛాతీనొప్పి త్వరగా వస్తుందని 1989లో అమెరికాలో తేలింది. అందుకే ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్షలు చేయించాలి. గర్భంలో శిశువు హీమోగ్లోబిన్ తల్లిదానికన్నా ఈ వాయువును గట్టిగా పట్టుకుని ఆలస్యంగా వదులుతుంది. తల్లికి తగ్గిపోయిందనిపించాక కూడా ఆమెకు ఆక్సిజన్ చాలాసేపు ఇవ్వాలి.

మనవైపు సంగతి. నల్లమల, శేషాచలం కొండల్లో ఎండలు ముదిరితే నిప్పు తప్పదు. 2014 మార్చిలో తిరుమల కొండల మంటలు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మిగతా రోజుల్లో ఆ పని చేసేది బీట్ ఆఫీసర్లు, బేస్ క్యాంపు వాచర్లు. వీళ్లలో చెంచులూ ఉంటారు. చేతిలో పచ్చికొమ్మలు, అదృష్టముంటే ఓ బ్లోయరు. ఎండుటాకు మంట త్వరగా దాటిపోతుంది కానీ, రాజుకునే మొద్దుల దగ్గర సాయంత్రం దాకా గడిపేది వీళ్లే. వీళ్లకు చొక్కాకు తగిలించుకునే కార్బన్ మోనాక్సైడ్ మీటర్లు, రేంజి జీపులో ఒక ఆక్సిజన్ సిలిండరు, ఒక నాన్-రీబ్రీదర్ మాస్కు ఇవ్వడం అటవీశాఖలకు మోయలేని ఖర్చేమీ కాదు. ఇవ్వాలి.

మీరు గానీ, మీవాళ్లు గానీ ఎప్పుడైనా పొగలో చిక్కుకుని ఆసుపత్రికి వెళ్తే డాక్టరు అడిగేదాకా ఆగకండి. ఏ పొగలో ఉన్నారో, లోపలో బయటో, ఎంతసేపో, ఎప్పుడు బయటపడ్డారో మీరే చెప్పండి. కో-ఆక్సీమీటరు పరీక్ష గురించి అడగండి. ఇంటికి పంపించాక కూడా ఆరు వారాలు కనిపెట్టి చూసుకోండి. ఈ విషం కొందరిలో రెండు రోజుల నుంచి నలభై రోజుల మధ్య ఎప్పుడైనా మళ్లీ బయటపడుతుంది: మతిమరుపు, విసుగు, నడకలో తడబాటు, మనిషి మారిపోయినట్టుండటం. దాన్ని వయసు అనో, మనోవ్యథ అనో కొట్టిపారేయకుండా నరాల డాక్టరుకు చూపించి, ఫలానా తేదీన పొగలో పడ్డాడని ఆ డాక్టరు చీటీలో రాయించండి.